నష్టము నేర్పు పాఠము

వాణిజ్యశాస్త్ర గ్రంథములలో లాభమును గూర్చి ఎన్నో అధ్యాయములు కలవు. నష్టమునకు మాత్రము పట్టికలో ఒక గడి ఉన్నది. అందులో ఒక అంకె వ్రాసి, క్రింద గీత గీసి, దానిని మరుసటి సంవత్సరపు లెక్కకు తరలించుటతో దాని కథ ముగియును. ఆ అంకె వెనుక ఏమి జరిగినదో, ఎందుకు జరిగినదో, మరల జరుగకుండుటకు ఏమి చేయవలెనో ఆ పట్టిక చెప్పదు. చెప్పవలసిన వారు వ్యాపారులే. వారు సాధారణముగా లాభపు సంగతులు నలుగురిలో చెప్పుకొందురు, నష్టపు సంగతులు గుండెలో దాచుకొందురు.

మన కళాశాలలో వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులలో పలువురు చిన్న వర్తకుల బిడ్డలు. గాజుల కొట్టు, బట్టల దుకాణము, తోళ్ల వర్తకము, పండ్ల బండి, మెకానిక్ షెడ్డు, ఇవియే మన ఇండ్లలోని సంస్థలు. పెద్ద కంపెనీకి నష్టము వచ్చినచో వాటాదారుల సమావేశములో ప్రశ్నలు పుట్టును. చిన్న దుకాణమునకు నష్టము వచ్చినచో ఇంటిలో ఒక బిడ్డ చదువు ఆగిపోవును. కావున ఈ విషయము మనకు పరీక్షలో మార్కులకు మాత్రమే సంబంధించినది కాదని మేము భావించుచున్నాము.

నాలుగు మాటలు, నాలుగు అర్థములు

మొదట కొన్ని మాటలను వేరుపరచి చూచుట మంచిది. ప్రమాదము అనగా మనము ఎదురుచూడని వేళ హఠాత్తుగా వచ్చిపడునది: వరద, అగ్ని, యంత్రము పగులుట, విషవాయువు వెలువడుట. ఎదురుదెబ్బ అనగా మనము చేసిన ప్రయత్నము ఫలింపకపోవుట: సరుకు అమ్ముడుపోకపోవుట, ధరలు పడిపోవుట, పోటీదారుడు ముందుకు పోవుట. పొరపాటు అనగా తెలియక చేసిన తప్పు నిర్ణయము. మోసము అనగా తెలిసి చేసి దాచిపెట్టునది.

మొదటి మూడును మనకు గురువులు కాగలవు. నాలుగవది కాజాలదు, ఏలయన పాఠము నేర్చుకొనుటకు జరిగినదానిని జరిగినట్లు చూచుట మొదటి మెట్టు. మోసము ఆ మెట్టునే తొలగించును. అయితే పొరపాటును దాచుటకు ఆరంభించిన నాటినుండి అది మెల్లగా మోసముగా మారునని గుర్తుంచుకొనవలెను. ఈ రెంటి నడుమ గోడ చాల పలుచనిది.

ఒక బట్టల దుకాణము

మేము ఎరిగిన ఒక ఉదాహరణముతో మొదలిడుదుము. మా చాచాగారికి కర్నూలు పాతబస్తీలో ఒక బట్టల దుకాణము ఉండెడిది. 2009వ సంవత్సరము సెప్టెంబరు 21న రంజాన్ పండుగ వచ్చినది. పండుగ వ్యాపారము బాగుగానే జరిగినది. వచ్చిన సొమ్మంతయు అక్టోబరు నెలలో రానున్న దీపావళి సరుకు మీద పెట్టినారు. పండుగకు ఉద్దెరగా ఇచ్చిన బట్టల లెక్క ఒక పెద్ద ఖాతా పుస్తకములో ఉన్నది. ఆ పుస్తకము గల్లాపెట్టె క్రింది సొరుగులో ఉండెడిది.

అక్టోబరు 2వ తేదీ శుక్రవారము. ఎగువన కురిసిన భారీ వర్షములకు తుంగభద్రయు హంద్రీయు కలిసి ఊరిమీదికి వచ్చినవి. పాతబస్తీ నీట మునిగినది. మా వారందరు ప్రాణములతో మేడ మీదికి చేరగలిగినారు. నీరు తీసిన తరువాత దుకాణము షట్టరు ఎత్తి చూడగా బట్టలన్నియు బురదలో ఒక్క ముద్దగా ఉన్నవి. ఖాతా పుస్తకము దొరికినది గాని అందులో సిరా నిలువలేదు. పుటలన్నియు లేత నీలిరంగులో ఖాళీగా ఉన్నవి.

ఆ తరువాత చాచాగారు రోజూ ఆ ఖాళీ దుకాణము ముందు స్టూలు వేసికొని కూర్చుండెడివారు. ఉద్దెర తీసికొన్న వారిలో కొందరు తమంతట తామే వచ్చి, "చాచా, మాది ఇంత ఉన్నది" అని చెప్పి, ఉన్నంతలో ఇచ్చి పోయినారు. వారి ఇండ్లలోను బురదయే ఉన్నది. కొందరు రాలేదు. ఆయన ఎవ్వరి ఇంటికిని పోయి అడుగలేదు. అడుగుటకు చేతిలో కాగితము లేదు.

అంతవరకు అది వరద చేసిన నష్టము. ఆ తరువాతి నష్టము వేరు. దుకాణము మరల తెరచుటకు ఆయన ఇంటిలో ఎవ్వరికిని చెప్పక అధిక వడ్డీకి అప్పు తెచ్చినారు. అన్నదమ్ములకు చెప్పినచో ఇజ్జత్ పోవునని ఆయన భయము. రెండేండ్లు వచ్చిన లాభమంతయు వడ్డీకే చెల్లినది. చాచీ చేతి గాజులు కనబడకపోవుటను మా దాదీ గమనించి అడిగిన దినమున సంగతి బయటపడినది. ఆ రాత్రియే అన్నదమ్ములు కూర్చుండి లెక్క వేసి, నాలుగు నెలలలో ఆ అప్పు తీర్చినారు. మా నాన్నగారు తమ్మునితో అన్నమాట మాకు ఇప్పటికిని జ్ఞాపకము: "నీళ్లు వచ్చిన దినము మా ఇంటి మేడ ఎక్కినావు కదా, అప్పు వచ్చిన దినము ఎందుకు ఎక్కలేదు?"

ఈ ఉదాహరణమును మరల చివర పరిశీలింతము. ఈలోగా పెద్ద సంస్థల చరిత్రలోనికి పోవుదము.

అపజయము అడుగున దొరికిన రంగు

1856వ సంవత్సరము. లండను నగరములో విలియం హెన్రీ పెర్కిన్ అను 18 ఏండ్ల విద్యార్థి ఈస్టరు సెలవులలో తన ఇంటిలోని చిన్న ప్రయోగశాలలో మలేరియా మందైన క్వినైనును కృత్రిమముగా తయారు చేయుటకు పూనుకొన్నాడు. క్వినైను రాలేదు. పాత్ర అడుగున నల్లని మడ్డి మిగిలినది. మరొకడైనచో దానిని పారబోసి పాత్ర కడిగియుండును. పెర్కిన్ ఆ మడ్డిని ఆల్కహాలులో కరిగించి చూచినాడు. చక్కని ఊదారంగు వచ్చినది. పట్టుగుడ్డను ముంచి చూడగా రంగు పట్టినది. ఉతికినను, ఎండలో ఉంచినను పోలేదు. ఆ సంవత్సరమే పేటెంటు పొంది, తండ్రియు సోదరుడును తోడురాగా మరుసటి సంవత్సరము కర్మాగారము స్థాపించినాడు. కృత్రిమ రంగుల పరిశ్రమకు అదియే ఆరంభము.

ఇందులో అదృష్టము ఎంత, బుద్ధి ఎంత అని విద్యార్థి ప్రశ్నింపవలెను. మడ్డి మిగులుట అదృష్టము. "ఇది నేను కోరినది కాదు, అయినను ఇది ఏమి?" అని అడుగుట బుద్ధి. మొదటిది అందరికిని ఎప్పుడో ఒకప్పుడు తటస్థించును. రెండవది అలవాటు చేసికొనిన వారికే దక్కును.

ఈ కథకు మరియొక ముఖము కూడ కలదు. ఆ మార్గమున నడచిన రసాయన పరిశ్రమ 1897లో జర్మనీ నుండి కృత్రిమ నీలిమందును మార్కెట్టులోనికి తెచ్చినది. అప్పటికి మన దేశము నీలిమందు ఎగుమతికి పేరు పొందియుండెను. కడప, కర్నూలు ప్రాంతములలో సైతము నీలి పంట ఉండెడిది. కొద్ది సంవత్సరములలోనే ఆ వ్యాపారము కూలిపోయినది. ఒక దేశపు ప్రయోగశాలలో జరిగిన ఆకస్మిక సంఘటన మరియొక దేశపు రైతునకు ఎదురుదెబ్బ అయినది. తన సరుకు నేడు బాగుగా అమ్ముడుపోవుచున్నదని నిశ్చింతగా ఉన్న వర్తకుడు ఈ సంగతిని మరువరాదు.

నూనె అంటిన సరుకు

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున 1902లో కొందరు కలిసి ఒక గనుల కంపెనీ పెట్టినారు. దానినే నేడు 3ఎం అని పిలుచుచున్నాము. సానపట్టుటకు పనికివచ్చు గట్టి ఖనిజము దొరకునని వారు తలంచినారు. దొరికినది అందుకు పనికిరాని రాయి. మొదటి అడుగే తప్పిన ఆ సంస్థ గరుకు కాగితము, అనగా మన వడ్రంగులు ఉప్పు కాగితమని పిలుచునది, తయారు చేయుటకు దిగినది.

అక్కడను చిక్కు వచ్చినది. 1914 ప్రాంతమున కొనుగోలుదారులనుండి ఫిర్యాదులు రాసాగినవి. కాగితము మీది రవ్వ ఊడి రాలిపోవుచున్నది. కారణము వెదకగా, స్పెయిన్ దేశమునుండి ఓడలో వచ్చిన రాతి రవ్వ సరుకు ప్రయాణములో ఆలివు నూనెలో తడిసినదని తేలినది. తుఫానులో నూనె పీపాలు పగిలినవి. నూనె పట్టిన రవ్వకు జిగురు అంటదు. సరుకును వేడిచేసి నూనె పోగొట్టి ఆ ఆపద దాటినారు. అంతటితో ఊరకుండక, వచ్చిన ముడిసరుకును పరీక్షింపకుండ వాడరాదను నిశ్చయముతో 1916లో ఒక చిన్న ప్రయోగశాలను ఏర్పాటు చేసినారు. ఆ సంస్థ పరిశోధనలకు అదియే పునాది అయినది.

అదే సంస్థలో 1968లో స్పెన్సర్ సిల్వర్ అను శాస్త్రజ్ఞుడు చాల గట్టి జిగురు కొరకు ప్రయత్నింపగా, అంటుకొని సులభముగా ఊడివచ్చు బలహీనమైన జిగురు వచ్చినది. దానితో ఏమి చేయవలెనో చాల కాలము ఎవ్వరికిని తోచలేదు. 1974లో ఆర్ట్ ఫ్రై అను సహోద్యోగి, తన పాటల పుస్తకములో గుర్తుకొరకు పెట్టుకొను చీటీలు జారిపోవుచుండగా, ఈ జిగురును ఆ చీటీలకు వాడి చూచినాడు. 1977లో కొన్ని నగరములలో అమ్మకమునకు పెట్టగా ఆదరణ అంతంతమాత్రమే. అయినను విడువక, ఉచితముగా నమూనాలు పంచి ప్రజలకు అలవాటు చేసి, 1980లో అమెరికా అంతట విడుదల చేసినారు. నేడు కార్యాలయములలో మనము చూచు పసుపుపచ్చని చీటీ అదియే. జిగురు విఫలమైనది 1968లో, చీటీ అమ్ముడుపోయినది 1980లో. నడుమ 12 సంవత్సరములు. ఎదురుదెబ్బ పాఠముగా మారుటకు ఓర్పు కూడ వెల చెల్లింపవలసియుండునని దీనివలన తెలియుచున్నది.

చెప్పుట, దాచుట

1982 సెప్టెంబరు చివర చికాగో నగర ప్రాంతమున టైలినాల్ అను తలనొప్పి మాత్రలు వాడిన 7గురు మరణించినారు. ఎవరో దుర్మార్గులు దుకాణములలోని సీసాలలో సైనైడు కలిపినట్లు తేలినది. దోషి ఎవరో రుజువు కాలేదు. ఆ మందు తయారు చేసిన జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ తప్పు తమ కర్మాగారములో జరుగలేదని చెప్పి చేతులు దులుపుకొనవచ్చును. అట్లు చేయలేదు. ప్రజలను ఆ మాత్రలు వాడవద్దని హెచ్చరించి, దేశమంతట ఉన్న సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనుకకు తీసికొన్నది. అందుకు 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు అయినది. మార్కెట్టులో దాని వాటా నిలువునా పడిపోయినది. కొద్ది వారములలోనే, తెరచినచో తెలిసిపోవునట్లు మూడు విధముల ముద్ర వేసిన క్రొత్త సీసాలతో మరల వచ్చినది. ఏడాది తిరుగునంతలో పోయిన వాటాలో చాల భాగము తిరిగివచ్చినది. నేడు మనము మందు సీసా మూత త్రిప్పినపుడు తెగు ఆ ముద్ర ఆనాటి దుర్ఘటన నేర్పిన పాఠమే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణము మన హైదరాబాదులోనే కలదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు ఒక లేఖ ద్వారా, తమ లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని అంగీకరించినాడు. మొదట ఉన్న లాభమునకు, చూపిన లాభమునకు నడుమ తేడా చిన్నదని, ఏటేటా పెరిగినదని ఆ లేఖ సారాంశము. ఒక త్రైమాసికము లాభము తగ్గినదని చెప్పుకొనుటకు వెనుదీసి, ఆ లోటును కప్పుటకు మరియొక అంకె, దానిని కప్పుటకు ఇంకొక అంకె వ్రాయుచు పోయినచో ఎక్కడికి చేరుదుమో ఇందువలన తెలియును. ప్రభుత్వము పాలకవర్గమును తొలగించి క్రొత్తవారిని నియమించినది. 2009 ఏప్రిలులో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టుట వలన వేలాది ఉద్యోగుల బ్రతుకులు నిలిచినవి. 2015లో న్యాయస్థానము దోషులకు శిక్ష విధించినది. 2013 నాటి కంపెనీల చట్టములో లెక్కల తనిఖీదారులను నియమిత కాలమునకు మార్చవలెనను నియమము వచ్చుటకు ఈ ఉదంతము ఒక ముఖ్య కారణము. పాఠము దేశమునకు దక్కినది. వెల మాత్రము మదుపుదారులు చెల్లించినారు.

చిన్న హెచ్చరికలు

పెద్ద ప్రమాదము ముందుగా చెప్పకుండ వచ్చుట అరుదు. 1931లో హెన్రిచ్ అను అమెరికను భీమా ఉద్యోగి పరిశ్రమలలోని ప్రమాదములను గూర్చి వ్రాసిన గ్రంథములో, ఒక తీవ్రమైన ప్రమాదమునకు వెనుక 29 చిన్న గాయములు, 300 గాయము లేని ఘటనలు ఉండునని లెక్క చెప్పినాడు. ఆ అంకెలు ప్రతి పరిశ్రమకు సరిపోవని తరువాతి వారు విమర్శించినారు గాని, చిన్నవాటిని గమనించినచో పెద్దవాటిని కొంతవరకైనను ఆపవచ్చునను భావము నిలిచినది.

భోపాల్ ఉదంతము ఇందుకు మిక్కిలి బాధాకరమైన సాక్ష్యము. 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి యూనియన్ కార్బైడ్ క్రిమిసంహారక మందుల కర్మాగారములోని ఒక తొట్టెలోనికి నీరు చేరుటచే, సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ వాయువు వెలువడి నిద్రించుచున్న నగరము మీద పడినది. ప్రభుత్వము ధ్రువీకరించిన మరణములే 3,787. ఆ రాత్రి తొట్టెను చల్లగా ఉంచు శీతల యంత్రము పనిచేయుటలేదు. దానిని కొన్ని నెలల క్రిందటనే ఆపివేసినారు. వాయువును కాల్చివేయు గోపురము మరమ్మతులో ఉన్నది. అంతకు ముందు 1981 డిసెంబరులో అదే కర్మాగారమున ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు మరణించినాడు. 1982లో స్థానిక పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేస్వానీ రానున్న ముప్పును గూర్చి పత్రికలో వ్రాసినాడు. ఒక మరణము, ఒక వార్త, రెండును హెచ్చరికలే. విన్నవారు లేరు.

దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. 1987లో కర్మాగారముల చట్టమునకు సవరణ జరిగినది. 1991లో ప్రజలకు జరుగు హానికి భీమా తప్పనిసరి చేయు చట్టము వచ్చినది. చట్టములు వచ్చినవి. అయినను 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నము సమీపమున ఆర్.ఆర్. వెంకటాపురము నందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించినారు. కోవిడ్ లాక్‌డౌన్ కాలములో కర్మాగారము ఆగియున్నది గాని, తొట్టెలలోని సరుకు ఆగియుండలేదు. అది లోలోపల వేడెక్కినది. తొట్టెను చల్లబరచు ఏర్పాటు చాలలేదని, హెచ్చరిక సైరను మ్రోగలేదని విచారణలో తేలినది. భోపాలులోను చల్లబరచుటయే లోపించినది. 36 ఏండ్ల క్రిందటి పాఠము పుస్తకములో ఉన్నది, తొట్టె దగ్గర లేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట ఒక దోషము. ఒకరి చేతులు కాలుట చూచియు మనము ఆకులు పట్టుకొనకపోవుట అంతకంటె పెద్ద దోషము.

నిలదొక్కుకొనుట

మొదటి ప్రపంచయుద్ధము తరువాత జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారము విస్తరణ పనులలో ఉండగా ఉక్కు ధరలు పడిపోయినవి. విదేశీ ఉక్కు చౌకగా వచ్చి పడినది. 1924 నాటికి కార్మికులకు జీతములు ఇచ్చుటకే డబ్బు లేని స్థితి ఏర్పడినది. అప్పుడు సర్ దొరాబ్జీ టాటా తన స్వంత ఆస్తిని, తన భార్య మెహెర్‌బాయి జూబిలీ వజ్రముతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చినారు. అదే సంవత్సరము దేశీయ ఉక్కునకు రక్షణ కల్పించు చట్టము వచ్చినది. సంస్థ నిలిచినది. యజమాని నష్టమును కార్మికుల మీదికి త్రోయక తానే ముందు భుజము పెట్టుట ఇందులోని ముఖ్యాంశము.

మరియొక ఉదాహరణము. మహారాష్ట్రలోని అమల్నేరులో 1945లో మహమ్మద్ హషీమ్ ప్రేమ్‌జీ వంటనూనెల కంపెనీ స్థాపించినారు. 1966లో ఆయన హఠాత్తుగా మరణింపగా, అమెరికాలో ఇంజనీరింగు చదువుచున్న 21 ఏండ్ల కుమారుడు అజీమ్ ప్రేమ్‌జీ చదువు మధ్యలో విడిచి వచ్చి ఆ బాధ్యతను స్వీకరించినారు. వనస్పతి, సబ్బులు చేయు ఆ సంస్థయే తరువాత విప్రో అయినది. 1978లో ఐ.బి.ఎం. సంస్థ మన దేశమునుండి వెళ్లిపోగా కంప్యూటర్లకు ఏర్పడిన ఖాళీని గుర్తించి ఆయన ఆ రంగమున ప్రవేశించినారు. మధ్యలో ఆగిన పట్టా చదువును ఎన్నో ఏండ్ల తరువాత పూర్తి చేసినారు. ఇంటిలో దుఃఖము వచ్చినందున చదువు ఆగిన విద్యార్థులు మన కళాశాలలోను కలరు. ఆగిన చదువు ముగిసిన చదువు కాదని వారు గ్రహింతురుగాక.

ఒక పద్ధతి

నష్టమునుండి పాఠము తీయుటకు ఒక సులభ పద్ధతి కలదు. జపాను దేశపు టయోటా కర్మాగారములలో తైచి ఓనో అను ఇంజనీరు దీనిని ప్రచారము చేసినాడు. ఏది చెడినను "ఎందుకు?" అని ఐదు మారులు అడుగవలెను. యంత్రము ఆగినది. ఎందుకు? భారము ఎక్కువై ఫ్యూజు పోయినది. ఎందుకు? బేరింగునకు నూనె చాలలేదు. ఎందుకు? నూనె పంపు సరిగా లాగుటలేదు. ఎందుకు? పంపు ఇరుసు అరిగినది. ఎందుకు? జల్లెడ లేనందున ఇనుపరజను లోనికి పోయినది. మొదటి ప్రశ్నతో ఆగినవాడు క్రొత్త ఫ్యూజు వేయును, రేపు మరల యంత్రము ఆగును. ఐదవ ప్రశ్నదాక పోయినవాడు జల్లెడ పెట్టును.

ఇప్పుడు మా చాచాగారి దుకాణమును ఈ పద్ధతితో చూతము. ఎందుకు అంత నష్టము వచ్చినది? సరుకంతయు తడిసినది, బాకీలు వసూలు కాలేదు. బాకీలు ఎందుకు వసూలు కాలేదు? ఖాతా పుస్తకము ఒక్కటే ఉన్నది, అదియు క్రింది సొరుగులో ఉన్నది. దుకాణము తెరచుటకు అధిక వడ్డీ అప్పు ఎందుకు? భీమా లేదు, ఎత్తిపెట్టిన సొమ్ము లేదు. సొమ్ము ఎందుకు లేదు? పండుగ ఆదాయమంతయు ఒక్కసారిగా క్రొత్త సరుకు మీద పెట్టినారు. ఆ అప్పు రెండేండ్లు ఎందుకు పెరిగినది? ఎవ్వరికిని చెప్పలేదు. వరద చేసిన నష్టము ఒక్క దినముది. మౌనము చేసిన నష్టము రెండేండ్లది. వరదను మా చాచా ఆపలేరు, మౌనమును ఆపగలిగియుండిరి.

కావున వ్యాపారమున దిగబోవు విద్యార్థులకు మేము నాలుగు సూచనలు చేయుచున్నాము. మొదటిది: నగదు పుస్తకము, ఖాతా పుస్తకములతోబాటు పొరపాట్ల పుస్తకము ఒకటి ఉంచుకొనుడు. తేదీ, జరిగినది, పోయిన సొమ్ము, ముందుగా కనబడిన గుర్తు, చేసిన మార్పు, ఈ ఐదును వ్రాయుడు. దోషి పేరు వ్రాయకుడు. పేరు వ్రాసిన దినమునుండి పనివారు నిజము చెప్పుట మానుదురు. రెండవది: లాభములో కొంత భాగము ఆపద్ధనముగా వేరుచేసి, భీమా పత్రమును తీసికొనుటకు ముందు దానిలో వరద, అగ్ని రెండును చేరినవో లేదో చదువుడు. మూడవది: లెక్కలకు రెండవ ప్రతి వేరొక చోట ఉంచుడు. నాలుగవది: నష్టము వచ్చిన వారములోనే ఇంటివారికి చెప్పుడు. ఇంటికి చెప్పరాని వ్యాపారము చేయదగిన వ్యాపారము కాదు.

మా చాచాగారి దుకాణము ఇప్పటికిని ఉన్నది. మునుపటికంటె చిన్నది. నేలనుండి మూడడుగుల ఎత్తువరకు అరలలో ఏ సరుకును పెట్టరు. ఆ స్థలమును చూచి క్రొత్తవారు వృథా అనుకొందురు. ప్రతి శుక్రవారము నమాజు తరువాత ఆయన మనుమరాలు ఆ వారపు ఉద్దెర లెక్కను మరియొక పుస్తకములోనికి ఎత్తివ్రాయును. ఆ పుస్తకము మా ఇంటి మేడ మీద బీరువాలో ఉండును. సిరా కారిపోయిన పాత ఖాతా పుస్తకము కూడ దాని ప్రక్కనే ఉన్నది. దానిని పారవేయుడని ఒకమారు మేము అనగా, ఆయన నవ్వి, "అది పారవేసినచో దీనిని వ్రాయుట కూడ మానుదుము" అన్నారు.